చిన్నచూపు నిర్మూలన సమితి అధ్యక్షుడు

"ఇందుమూలంగా సిరిసిల్ల పట్టణ, పరిసర గ్రామ ప్రజలందరికీ తెలియజేయునది ఏమనగా, మానసిక జబ్బు ఉన్నవారి పట్ల ఇకమీదట ఎవరికీ చిన్నచూపు ఉండరాదు. ఇంతకుముందు నుంచీ ఉన్నవారు దానిని పదిహేను రోజుల్లోగా విడిచిపెట్టవలెను. ఇట్లు, ఓదెలు, అధ్యక్షుడు, చిన్నచూపు నిర్మూలన సమితి."

ఈ కరపత్రాన్ని ఓదెలు స్వయంగా రాశాడు. మూడుసార్లు చదువుకున్నాడు. చదివిన ప్రతిసారీ ఆయనకే ఒళ్ళు పులకరించింది!

ఓదెలు పదహారు సాంచాల ఆసామి. ఆ మరమగ్గాలు పదహారూ ఒక్కసారిగా ఆడుతున్నా వాటి మీదుగా వినబడే గొంతు ఆయనది. అంతటి గొంతుకు తగిన పదవి కోసం ఆయన చాలాకాలంగా ఎదురుచూస్తున్నాడు. ఆర్డర్లు తగ్గి సగం సాంచాలు మూగబోయి, కొందరు భీవండికి, కొందరు దుబాయికి పోయి, పోయినవాళ్ళలో కొందరు, ఉన్నవాళ్ళలో కొందరు లోలోపల కుంగిపోతున్న రోజులవి. అందుకని ఒక సేవాసంస్థ వాళ్ళు వచ్చి, జనంలో చైతన్యం తెచ్చే సమితి ఒకటి పెట్టమన్నారు. ఓదెలు అధ్యక్షుడయ్యాడు. స్టీలు సామాన్ల దుకాణం రాజేశం కార్యదర్శి, ఫోటో స్టూడియో సునీల్ కోశాధికారి అయ్యారు.

సమితి పనిలోకి దిగింది. గోడల మీద పోస్టర్లు పడ్డాయి. కూడళ్ళలో ఫ్లెక్సీలు లేచాయి. వాటి మీద ఓదెలు ముఖం మనిషంత ఉంది, నినాదం చీమంత ఉంది. ఆ పైన సర్వే మొదలైంది. "మనోరోగుల పట్ల మీకు చిన్నచూపు ఉన్నదా? ఉన్నది, లేదు. ఒకదానికి టిక్కు పెట్టుము." గంభీరావుపేటలో నాలుగు వందల పన్నెండు మందిని అడిగితే నాలుగు వందల పదకొండు మంది "లేదు" అన్నారు. ఒక్క మనిషి మాత్రం నిజాయితీగా "ఉన్నది" అని టిక్కు పెట్టాడు. రాజేశం అతని ఇంటికి మూడుసార్లు తిరిగి, బతిమాలి, చివరకు బెదిరించి దిద్దించుకొచ్చాడు. దాంతో ఆ మండలంలో చిన్నచూపు పూర్తిగా తుడిచిపెట్టుకుపోయింది!

ఇంత జరుగుతున్నా జగిత్యాలలో ఉన్న మనసు డాక్టరు దగ్గరికి సిరిసిల్ల నుంచి కొత్తగా పోయినవాడు ఒక్కడూ లేడు. "జబ్బు లేనోళ్ళు ఎందుకు పోతరు?" అని ఓదెలు తేల్చేశాడు.

ఆయన ఇంట్లో మాత్రం ఒకడున్నాడు.

ఓదెలు తమ్ముడు సాగర్ నాలుగేళ్ళు దుబాయిలో భవనాల పని చేశాడు. ఒకే గదిలో పక్క మంచం మీద పడుకునే మిత్రుడు పని మీద ఉండగా పైనుంచి పడి చనిపోయాడు. ఆ రోజు నుంచి సాగర్‌కు నిద్ర కరువైంది. ఉలిక్కిపడేవాడు, మాట్లాడటం మానేశాడు, అన్నం ముందు కూర్చుని దాన్ని చూస్తూ ఉండిపోయేవాడు. కంపెనీ వాళ్ళు విమానం ఎక్కించి పంపించేశారు. ఓదెలు అతన్ని చీకటిపడ్డాక ఇంటికి తెచ్చి మేడ మీద గదిలో పెట్టాడు. ఊరికి మాత్రం, "మా తమ్మునికి దుబాయిల ప్రమోషన్ అచ్చింది, రెండేండ్ల దాకా రాడు" అని చెప్పాడు. నమ్మకం కుదరడానికి జగిత్యాలలో ఖర్జూరాలు కొని, తమ్ముడు పంపాడని వాడకట్టంతా పంచాడు.

నాలుగు నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం పక్కింటి దేవవ్వ వచ్చి కూర్చుంది.

"ఓదెలూ, మా అల్లునికి వీసా సంగతి అడగాలె. సాగర్‌కు ఫోన్ కలుపు. మొకం గూడ జూస్త."

"వాడు డ్యూటీల ఉంటడు చిన్నమ్మా."

"ఇయ్యాల శుక్రవారం. దుబాయిల సెలవు. నాకు తెల్వదా?"

తప్పక ఓదెలు వీడియో కాల్ చేశాడు. మేడ మీద సాగర్ ఎత్తాడు. గడ్డం మాసిన ముఖం కనబడింది. పక్క షెడ్డులోని సాంచాల చప్పుడు ఇటు చెవిలోనూ, అటు ఫోన్లోనూ ఒకే తాళంలో వినబడుతోంది.

"ఇదేంది, దుబాయిల గూడ సాంచాలాయె?"

"మన సిరిసిల్లోళ్ళు యాడికి పోయినా ఊకుంటరా చిన్నమ్మా? ఆడ గూడ పెట్టిండ్రు!"

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. కింద ఫ్యాను ఆగింది. ఫోన్లో సాగర్ తల మీద ఫ్యానూ ఆగింది. సాంచాలు రెండు దేశాల్లోనూ ఒక్కసారే ఆగిపోయాయి.

దేవవ్వ ఫ్యాను వైపు చూసింది. ఫోను వైపు చూసింది. ఓదెలు వైపు చూసింది. "దుబాయిల గూడ గింతేనా కరెంట్?" అని లేచిపోయింది.

ఆ సాయంత్రం తల్లి వెంకటవ్వ ఓదెలు ముందు నిలబడింది.

"చిన్నోడు నిన్న ఏమన్నడో తెల్సా? 'అవ్వా, నేను లేకుంటే మీకు బరువు దిగుతది గదా' అన్నడు. నాకు కాళ్ళు చేతులు ఆడుతలేవు. దవాఖానకు తీస్కపో."

ఓదెలు మేడ మెట్ల వైపు ఒక అడుగు వేశాడు. మరుక్షణం మైకు గుర్తొచ్చింది.

"తీస్కపోత అవ్వా. మీటింగ్ ఒక్కటి అయిపోనీ. అధ్యక్షుని తమ్మునికే పిచ్చి లేసిందని తెలిస్తే జనం ఏమనుకుంటరు?"

"పిచ్చి అనొద్దని పోస్టర్ మీద నువ్వే రాపిస్తివి గదరా!"

"అది జనానికి!" అన్నాడు ఓదెలు.

ఆ మీటింగుకు పెద్ద ఏర్పాట్లు జరిగాయి. సేవాసంస్థ నుంచి పెద్దసారు వస్తున్నాడు. జబ్బు వచ్చి నయమైన మనిషి ఒకరు వేదిక మీద మాట్లాడి తీరాలని ఆయన షరతు పెట్టాడు. జగిత్యాల డాక్టరును అడిగితే కోరుట్లలో బీడీలు చుట్టే స్వర్ణలత పేరు చెప్పాడు. ఆమె మొగుడు మస్కట్‌లో ఉంటాడు. ఆమెకు చెవుల్లో మాటలు వినబడే జబ్బు వచ్చి, మందులతో తగ్గింది. బీడీల కార్ఖానాలో నలుగురి ముందే డబ్బా తీసి గోలీ మింగుతుంది. ఎవరన్నా అడిగితే దాచకుండా చెబుతుంది. అలా చెప్పి చెప్పి ఒక్క పోస్టరు లేకుండా, తన కార్ఖానా నుంచి పదకొండు మందిని డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. ఈ పద్ధతి సమితి కార్యక్రమాల జాబితాలో లేదు కాబట్టి ఓదెలు దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

మీటింగు రోజు స్వర్ణలత బస్సు దిగి నేతన్నల సంఘం భవనానికి వచ్చింది. వేదిక మీద "అక్కున చేర్చుకుందాం!" అని పెద్ద బ్యానరు. ఓదెలు రాజేశాన్ని పక్కకు పిలిచాడు.

"ఆమె కుర్చీ ఆ చివర్న ఎయ్యి. దీపం ముట్టించెటప్పుడు అగ్గి దగ్గరికి రానియ్యకు. కొబ్బరికాయ కొట్టే కత్తి యాడున్నది?"

"సునీల్ సంచిల దాచిండు."

"మంచిగ జేసిండు."

స్వర్ణలత ఇదంతా విన్నది. చివరి కుర్చీలో కూర్చుంది.

ఓదెలు గంటసేపు మాట్లాడాడు. పెద్దసారు అరగంట మాట్లాడాడు. మొదటి వరసలో ఆడవాళ్ళు నిండుగా కనబడాలని ఓదెలు తన తల్లిని కూడా తెచ్చి కూర్చోబెట్టాడు. జనం సగం నిద్రలో ఉన్నారు. అప్పుడు స్వర్ణలత లేచింది.

"నాకు ఉపన్యాసం రాదు. నాకు అయింది జెప్త. చెవుల్ల ఎవరో తిడుతున్నట్టు వినొస్తుండె. పిల్లలకు అన్నంల ఎవరో ఏదో కలిపిన్రని పారబోస్తుంటి. మా అత్త తాయత్తులు గట్టింది, గుళ్ళు దిప్పింది. ఆఖరికి ఎదురింటి భూమవ్వ, 'నాకు గూడ గిట్లనే అయిండె, పా' అని చెయ్యి పట్టుకొని డాక్టర్ తాన కూసోవెట్టింది. ఆర్నెల్లకు తిట్లు ఆగినయి. ఇప్పటికీ రోజూ ఒక గోలీ ఏస్కుంట. బీపీ ఉన్నోళ్ళు ఏస్కుంటలేరా?"

నిద్రపోయేవాళ్ళు లేచారు. వెనక నుంచి ఒక ఆమె అడిగింది: "వంట జేస్తవా అక్కా, మంచిగ?"

"వంట జబ్బుకు ముందు గూడ మంచిగ లేకుండె, ఇప్పుడు గూడ లేదు. దానికి మందు లేదన్నడు డాక్టర్."

భవనం అంతా నవ్వింది. వెంకటవ్వ నవ్వలేదు. మొదటి వరస నుంచి లేచి నిలబడింది.

"బిడ్డా! నా చిన్న కొడుకు నాలుగు నెలల సంది మేడ మీద అర్రల ఉన్నడు. తినడు, పండడు. ఈ పెద్దోడు వాడు దుబాయిల ఉన్నడని ఊరంత జెప్తున్నడు. నువ్వొచ్చి ఒక్కసారి చూస్తవా?"

నాలుగు వందల ముఖాలు ఓదెలు వైపు తిరిగాయి. పెద్దసారు నోరు తెరిచాడు. నలభై ఏళ్ళుగా నమ్ముకున్న గొంతు ఈసారి కూడా ఆయన్ను అడగకుండానే మైకులోకి దూకింది.

"ప్రజలారా, పట్టించుకోకుండ్రి! మా అవ్వకు జర పిచ్చి!"

స్పీకర్లు నాలుగూ ఆ మాటను మార్కెట్ దాకా మోసుకుపోయాయి. ఆయన నెత్తి మీద బ్యానరు గాలికి కదులుతోంది.

వెంకటవ్వ కొడుకు వైపు ఒకసారి చూసింది. స్వర్ణలత వేదిక దిగి ఆమె చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ బయటికి నడిచారు. "అనుకున్ననే! ఫ్యాన్ ఆగినప్పుడే అనుకున్న!" అంటూ దేవవ్వ వాళ్ళ వెనక లేచింది. ఆమె వెనక జనం లేచారు. ఓదెలు ప్రతిజ్ఞ చదివిస్తానని ఎంత అరిచినా చివరకు పెద్దసారు, రాజేశం, సునీల్ మాత్రమే మిగిలారు.

ఇంటి దగ్గర స్వర్ణలత జనాన్ని గేటు అవతలే ఆపి, మేడెక్కి సాగర్ పక్కన నేల మీద కూర్చుంది. తన గోలీల డబ్బా తీసి ఇద్దరి మధ్యా పెట్టింది. తరవాత, "తమ్మీ, నీకు నిద్ర ఎన్నడు పోయింది?" అంది. నాలుగు నెలల్లో అతన్ని ఆ మాట అడిగినవాళ్ళు లేరు. సాగర్ ఏడ్చాడు. మర్నాడే తల్లి, స్వర్ణలత కలిసి అతన్ని జగిత్యాల తీసుకుపోయారు. మూడో వారానికి అతను కిందికి వచ్చి కూర్చుని, తల్లి పెట్టిన అన్నం అడిగి రెండోసారి పెట్టించుకున్నాడు. ఓదెలు గుమ్మంలో నిలబడి అది చూశాడు. చూసి, షెడ్డులోకి పోయి ఊరికే ఒక సాంచను ఆడించి, ఆ చప్పుడులో ముఖం తుడుచుకున్నాడు.

అదే వారం రాజేశం ఒక కాగితం పట్టుకుని గేటు బయట నిలబడ్డాడు.

"సమితి తీర్మానం జేసింది ఓదెలన్నా. సునీల్ ప్రతిపాదించిండు. నేను బలపర్చిన."

ఓదెలు చదివాడు. "అధ్యక్షుల వారి ఇంట మానసిక రోగి ఉన్నట్టు తేలినందున, సమితి పరువు ప్రతిష్ఠల దృష్ట్యా, చిన్నచూపు ఏమాత్రమూ లేకుండా, వారిని పదవి నుంచి తొలగించడమైనది. నూతన అధ్యక్షులు: రాజేశం."

"ఇదేం న్యాయం? మీరు చెప్పేదేంది, చేసేదేంది?" అని ఓదెలు అరవబోయాడు. ఆ ప్రశ్న బయటికి రాకముందే ఎటు నుంచి తిరిగి వస్తుందో ఆయనకు అర్థమైంది. మింగేశాడు.

అంతలో సాగర్ ఒక కుర్చీ తెచ్చి వేశాడు. "కూసో రాజేశమన్నా. చాయ్ తాగిపో."

రాజేశం రెండడుగులు వెనక్కి వేశాడు. "లే తమ్మీ, పనున్నది," అని గబగబా వెళ్ళిపోయాడు. సాగర్ ఆ ఖాళీ కుర్చీ వైపు చూస్తూ నిలబడ్డాడు. ఓదెలు వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నాడు.

"ఇంకో కుర్చీ తెచ్చుకో. చాయ్ మనిద్దరం తాగుదం," అన్నాడు. కాసేపటికి నేల వైపు చూస్తూ, "మంగళారం దవాఖానకు నీ ఎంట నేనొస్త," అని కలిపాడు. లోపల తల్లి గిన్నెలు సర్దే చప్పుడు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మొదలైంది.

మంగళవారం పొద్దున అన్నదమ్ములు అందరూ చూస్తుండగా బస్టాండులో జగిత్యాల బస్సు ఎక్కారు. వేములవాడలో బస్సు ఆగితే, నుదుట బొట్టుతో రాజేశం ఎక్కాడు. దర్శనానికని ఇంట్లో చెప్పి అక్కడిదాకా వచ్చిన వాలకం కనబడుతూనే ఉంది. ఓదెలును చూసి దిగబోయాడు. బస్సు కదిలింది. సాగర్ పక్కకు జరిగి చోటిచ్చాడు. గత్యంతరం లేక రాజేశం కూర్చున్నాడు.

కండక్టరు వచ్చాడు. "యాడికి?"

"జగిత్యాల," గొణిగాడు రాజేశం.

"జగిత్యాలల యాడ దిగుతవ్? బస్టాండ్లనా, ముందుగాలనా?"

కొత్త అధ్యక్షుడు జేబులో చిల్లర వెతకడం మొదలుపెట్టాడు. నుదుటి మీద చెమటకు బొట్టు కరుగుతోంది. సాగర్ ఆయన వైపు ఒకసారి చూసి, బస్సంతా వినబడేట్టు చెప్పాడు.

"మనసు డాక్టర్ దవాఖాన కాడ దించు. ముగ్గురం."

బస్సులో ఎవరూ ఉలిక్కిపడలేదు. వెనక సీట్లోంచి మాత్రం తువ్వాల చుట్టుకున్న ముఖం ఒకటి మెల్లగా ముందుకు వంగింది.

"నన్ను గూడ గాన్నే దించు," అంది కోశాధికారి సునీల్ గొంతు.