దర్జీగారి పియానో పర్వము

సూర్యభగవానుడు నడినెత్తిన నిలిచి, తారురోడ్డును పెనమువలె కాల్చుచు, చెప్పులు లేని కుక్కలను నీడల వెంట తరుముచున్న ఆ మహోగ్ర మధ్యాహ్నవేళ, వాద్యవిక్రయశాల యను శీతలమందిరపు గాజుతలుపును తోసికొని ప్రవేశించెను సూచీధరుడు, కర్తరీకోవిదుడు, కాజాకుట్టుకేసరి, లూజు ప్యాంట్లను బిగించి బిగుతు చొక్కాలను వదులుచేయు లోకోపకారి, మన దర్జీ. ఆయన వెనుక ధర్మపత్ని. ఆమె వెనుక, పెట్టె మోయుటకని పిలువగా మాటలు మోసుకొని వచ్చిన ఆమె తమ్ముడు.

యుద్ధకారణ మెట్టిదనిన, రానున్న ఆదివారము దర్జీల సంఘపు సభలో, ఉపన్యాసముల నడుమ జనము పారిపోకుండ ఒక పాట వాయించు భారము ఈ వీరునిపై పడెను. నిరుడు అరువు కీబోర్డుపై వాయింపగా, సభికులు మైకు పాడైనదనుకొని బాగుచేయుటకు లేచిరి. ఆ మచ్చ సొంతవాద్యముతో చెరుపుకొనవలె. కాని ఇల్లాలు బయలుదేరునప్పుడే ఆన పెట్టెను: "ఇవాళ ఏదో ఒకటి తేల్చండి. లేదంటే పియానోకని ఖాళీగా ఉంచిన ఆ మూల బట్టల బీరువా పెట్టేస్తాను. ఇక పియానో మాట ఎత్తొద్దు."

ఎదుట వాద్యసేన, నల్లతెల్ల దంతములు ఇకిలించుచు బారులు తీరియుండెను. మొదటిది ఒంటిచేత లేచు తేలికదే కాని, మీటలు ఆటబొమ్మ మీటలవలె లొటలొటలాడెను. రెండవదాని మీటలు అసలు పియానోవలె బరువుగా దిగును గాని, దానిని సభకై తమ యింటి మేడమెట్లు దింపుటకు బంధుబలగమంతయు కావలెనని బావమరిది తేల్చెను. మూడవది బరువున సరి, మీటలందును సరి, కరెంటు పోయినను బ్యాటరీతో పలుకును. వీరుడు దానిముందు కూర్చుండి, క్రిందనున్న పెడలుపై, నొక్కినచో స్వరమును సాగదీసి, వదలినచో తెంచునట్టి ఆ అల్పయంత్రముపై, కుడిపాదమును ఉంచి పాట నెత్తుకొనెను.

స్వరములు సాగుచు తెగుచు, తెగుచు సాగుచు, ఎక్కిళ్ళు పట్టినవానిచే పాడించినట్లు మ్రోగెను.

"ఓరీ వాద్యాధమా, నాదద్రోహీ, నీ తీగలు త్రెంచి దారపుకండెకు చుట్టెద" నని గర్జింపదలచిన వీరుడు, "ఇది నత్తిగా ఉందమ్మా, ఇంకోటి చూపించు" అనెను. దుకాణపు అమ్మాయి, చిరునవ్వు జీతములో భాగమగుటచే నవ్వుచునే, అదే రకములో కొత్తది విప్పెను. దానికిని ఎక్కిళ్ళే. మరొకటి తెచ్చెను. అదియు నంతే.

"నిరుడు మైకు బాలేదన్నావు, ఇప్పుడు పియానోలా? పద బావా, దారిలో బీరువా చూసుకుని పోదాం," అనెను బావమరిది.

సూదిపోట్లకు చలింపని ఆ వ్రేళ్ళు మీటలను వదలెను. వీరుడు లేవబోయెను. అంతవరకు క్రిందికే చూచుచున్న ఇల్లాలు నోరు విప్పెను.

"కూర్చోండి. చేతులు బాగానే ఉన్నాయి. కాలు మిషను తొక్కుతోంది."

అందరును వంగి చూచిరి. సత్యము. బ్రతుకంతయు కుట్టుమిషనును తొక్కిన ఆ దక్షిణపాదము, చేతులాడుటే తడవుగా తానును ఆడి, పెడలును టకటక తొక్కుచు, పాటకు అంచు మడిచి కుట్టుచుండెను. ఆపబూనగా ఆగదు. చేతులు ఆగినగాని కాలాగదు. అంతట ఆ వీరపత్ని చెప్పు విడిచి, ఆ పాదమును పెడలుపైనుండి నేలకు నెట్టి, తన మడమ ఆ పాదముపైనే మోపెను.

"ఇప్పుడు కానివ్వండి."

పాట పారెను. ఎక్కడను ముడి లేదు, చిక్కు లేదు. బిల్లులు కొట్టువాడు కొట్టుట మానెను. బావమరిది ఏ పెట్టె మోయవలెనని అడిగెను.

"ఆదివారం నువ్వూ వేదిక మీదికి రావాలి," అనెను వీరుడు ఇల్లాలితో మెల్లగా.

"వస్తాలే. ఎత్తుమడమ చెప్పులు వేసుకొస్తా."

అష్టదిక్కుల నున్న ప్రజలారా, పనులాపి ఆలకింపుడు. పియానో కుదిరినది. బీరువా ఓడినది. పాట మొదలు నుండి చివరిదాక ఆ మహావీరుని కుడికాలు కదలలేదు. కదలుటకు శతవిధముల ప్రయత్నించినది గాని, కదలలేదు.