ముట్టుకోకుండా చేసే పుట్టినరోజు

పిల్లల పుట్టినరోజు చేయడానికి మ్యూజియాన్ని మించిన చోటు లేదని నేను ఏ సభలోనైనా వాదిస్తాను. అక్కడ పరుగెత్తకూడదు, అరవకూడదు, ఏదీ ముట్టుకోకూడదు. ఆరేళ్ల పిల్లకి ఇంతకన్నా ఏం కావాలి?

ఇంట్లో చేస్తే ఏముంది? నేలంతా కేకు, వాకిలంతా బంధువులు, చెవులు చిల్లులు పడే పాటలు. మ్యూజియంలో ఆ బెడద లేదు. కేకు పొడి రాలకుండా తినాలి. పొడి రాలితే చీమలొస్తాయి, చీమలొస్తే ప్రాచీన నాగరికతలు ఏమైపోవాలి!

మెక్సికోలోని మా పుయెబ్లా నగరంలో ఈ సత్యాన్ని గ్రహించిన తల్లి యాదిరా. "మా సిత్లాలి పుట్టినరోజు మ్యూజియంలో" అని ఆఫీసులో చెప్పుకుంటే వచ్చే హోదా, "మా ఇంటి వాకిట్లో" అంటే వస్తుందా?

గ్రహించనిది యాదిరా తల్లి ఎవులాలియా ఒక్కర్తే. ఆవిడ మట్టికుండకి రంగు కాగితాలు అంటించి, చుట్టూ నక్షత్రంలా కొమ్ములు పెట్టి, లోపల వేరుశనగలు, కమలాలు, చెరకు ముక్కలు కూరి, మనవరాలికి పిన్యాతా చేసి పట్టుకొచ్చింది. కళ్లకు గంతలు కట్టించుకుని దాన్ని కర్రతో పగలగొట్టాలని సిత్లాలి ఏడాదిగా ఎదురుచూస్తోంది. పోయినేడు తన వంతు రాకముందే పెద్దపిల్లలు పగలగొట్టేశారు. ఈసారి మొదటి దెబ్బ తనదేనని అమ్మమ్మ మాటిచ్చింది.

మ్యూజియం గైడు కుండని చూసి మురిసిపోయింది. కర్రని మాత్రం గేటు దగ్గరే పెట్టించింది. కుండని గాజుపెట్టెలోకి ఎక్కించి, పిల్లల్ని దాని ముందు వరసగా కూర్చోబెట్టింది.

"పూర్వం మన ప్రజలు దీన్ని కర్రతో పగలగొట్టేవారు" అని పాఠం మొదలుపెట్టింది.

"పూర్వమేంటమ్మా, మొన్న ఆదివారం మా వీధిలో పగలగొట్టాం" అంది ఎవులాలియా.

"అమ్మా, కాస్త ఊరుకో. నా పరువు తీయకు" అని యాదిరా పళ్లు బిగించి గొణిగింది.

తర్వాత పిల్లలకి కాగితాలు, రంగు పెన్సిళ్లు పంచారు. కొట్టాల్సిన కుండని బొమ్మ గీసుకుని సంతోషించాలన్నమాట. ఎంత సంస్కారం! ఎవరి చేతికీ మట్టి అంటదు, ఎవరి నోటికీ వేరుశనగ అందదు.

సిత్లాలి గీయలేదు. గాజుపెట్టె దాకా వెళ్లి, కాసేపు చూసి, అమ్మమ్మ దగ్గరికి వచ్చింది.

"అమ్మమ్మా, అద్దాల్లో ఉన్నవన్నీ చచ్చిపోయినవాళ్లవేనట. ఆ అక్క చెప్పింది. నువ్వు కూడా చచ్చిపోతున్నావా?"

ఎవులాలియా శాలువా సర్దుకుంది. "ఇప్పుడప్పుడే పోనులే. పద" అంది.

పెట్టె మూత తీసి, కుండని చంకన పెట్టుకుని బయటికి నడిచింది. వెనకాల గైడు, గైడు వెనకాల యాదిరా, ఆ వెనకాల రంగు పెన్సిళ్లతో సహా పిల్లలు! గేటు దగ్గర కర్ర తీసుకుని, ఎదుటి చౌకులో చెట్టుకొమ్మకి తన శాలువాతోనే కుండని వేలాడదీసింది.

సిత్లాలి మొదటి దెబ్బ గాలికి తగిలింది. రెండోది చెట్టుకి. మూడోది కుండకి. ఆ తర్వాత జరిగిన అనాగరికం నేను వర్ణించలేను. పిల్లలంతా నేలమీద పడ్డారు. ఆఫీసులో హోదా ఉన్న యాదిరా కూడా మోకాళ్ల మీద పాకుతూ కమలాలు ఒళ్లో వేసుకుంటోంది.

నా వాదన ఇక్కడ కాస్త దెబ్బతిన్నమాట నిజమే. నిక్షేపంలా బతికున్న వేడుకని గాజుపెట్టెలో పెట్టి, అది పోయిందని దాని పిల్లలకే పాఠం చెప్పడానికి మనకెందుకింత తొందరో నాకు అర్థం కాదు. సిగ్గుగా కూడా ఉంది.

"ఎంత పని చేశారమ్మగారూ, అంత చక్కటి కుండని" అని గైడు వాపోయింది.

ఎవులాలియా పెంకులన్నీ ఏరి గైడు దోసిట్లో పోసింది.

"తీసుకెళ్లి పెట్టుకోమ్మా. మీ అల్మారాల నిండా పగిలిన కుండలే కదా, ఇప్పుడిది కూడా మీకు పనికొస్తుంది."