తాళం వేసి ఉన్న గోడ

మా ఆవిడ సామ్రాజ్యం చలిజ్వరంతో పోయిన రోజునే, తిరువూరులో దోమల కాలం చెల్లిందని రిక్షాలో మైకు పెట్టి ప్రకటించారు. (మలేరియా శాఖవారు ఏ పనికైనా తగినంత సమయం తీసుకుంటారు.)

దోమను చంపడం ప్రభుత్వ బాధ్యత. ఏ గోడ మీది దోమను చంపాలన్నది మాత్రం పౌరుడి సొంత నిర్ణయం. ఆ తర్వాత డీడీటీ చల్లే జట్టు ఈ సూత్రం పట్టుకునే ఇంటింటికీ వచ్చింది. వీరరాఘవయ్యగారు బాగా ఆలోచించి, గొడ్లచావిట్లో కొట్టించి ఇల్లు మినహాయించారు. వాసన గురించి గొడ్లు ఫిర్యాదు చేయవు. హనుమయ్యగారు దేవుడి గది వదిలేయమన్నారు. అక్కడ దోమలు క్షేమం. సరోజినీదేవిగారు అన్ని గోడలకూ ఒప్పుకుని, తెల్లటి మరకలు బాగాలేవని మర్నాడే ఎర్రమన్నుతో అలికించారు. మూడిళ్లూ పూర్తయినట్టే లెక్క. శాఖ లెక్కపెట్టేది గోడలను. దోమలను లెక్కపెట్టే ఉద్యోగం ఇంకా మంజూరు కాలేదు.

మా ఇంట్లో వంటింటి గోడ దగ్గర పని ఆగింది. సామ్రాజ్యం మంచాన పడేముందు అలికిన గోడ అది. ఆమె వేళ్ల జాడలు వంపులు వంపులుగా ఇంకా ఉన్నాయి.

“కొట్టించమంటారా మాస్టారూ?” అన్నాడు గోడల ఇన్‌స్పెక్టరు జగన్నాథరావు.

“తర్వాత చూద్దాం లెండి.”

“తర్వాత అని రాయడానికి మాకు రూలు లేదండి. ఒప్పుకున్నారు, ఒప్పుకోలేదు, తాళం వేసి ఉంది. అంతే. ఒప్పుకోలేదని రాస్తే పైవాళ్లు విచారణకొస్తారు.”

“తాళం వేసి ఉందని రాసుకోండి.”

ఆయన నా ముఖం వంకా, తెరిచి ఉన్న వంటింటి తలుపు వంకా చూసి, అలాగే రాసుకున్నాడు.

పొయ్యి దగ్గరున్న మా అత్తగారు జోజమ్మ లేచింది. “ఏంటి బాబూ, ఇంతకీ నేను తాళానికి లోపలున్నానా, బయటున్నానా? కుట్టిన దోమ పోయి గోడ మీదే వాలుద్దని బళ్లో చెప్పేది మీరేగా. అది నా కూతురి చెయ్యి బాబూ. పోగొట్టుకోవాలని నాకు మాత్రం ఉంటదా? మీ పిల్ల పడుకునేది ఆ గోడ పక్కనే.”

“అమ్మాయిని ముందు గదిలో పడుకోబెడదామండి.”

“చెప్పి చూడండి.”

చెప్పి చూశాను. అమ్మ గోడ దగ్గరైతేనే నిద్ర పడుతుందంది.

జట్టు వినగడప వెళ్లిపోయింది. వానలు వెలిశాక గానీ మళ్లీ రారట. శాఖవారి రికార్డు ప్రకారం మా వంటింట్లో ఎవరూ ఉండరు. అమ్మాయి అక్కడే పడుకుంటోంది. ఆ గోడకు ఇంకా మందు కొట్టించలేదు.