చెప్పి వెళ్లే రాక్షసుడు

కొత్తరకం రాకుమారి సినిమాలు పసిపిల్లలకు అమృతం! కాదన్నవాళ్లు కువైట్‌లో మా ఖైతాన్ ఫ్లాటుకు వచ్చి నాతో వాదించండి. అయితే శుక్రవారం లోపల రండి. ఆ రోజుతో నా విజిట్ వీసా ఖలాస్.

నేను బడి మొహం చూడలేదు. అంగడి పొట్లాల కాగితాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నదాన్ని. ఆ ఘనత చూసే మా అల్లుడు మునీంద్ర నన్ను ఇంటి సెన్సారు బోర్డుగా నియమించాడు.

"అత్తా, పాప రెప్ప కొట్టకుండా చూసే సినిమా ఏదో నువ్వే తేల్చు. నువ్వు లిఫ్టు దిగి కారెక్కేదాకా అది సోఫా మీద నుంచి లేయకూడదు" అన్నాడు.

అర్థమైంది కదా? అవ్వ ఊరికి పోతున్నట్టు ఐదేళ్ల మా మనవరాలికి ఎవరూ చెప్పలేదు. కువైట్‌కు పోయేవాళ్లయినా, కువైట్ నుంచి పోయేవాళ్లయినా పిల్లలకు చెప్పి పోవడం మా రాజంపేట వైపు ఆచారం కాదు. వెనకటికి బిడ్డ నిద్రపోయేదాకా కాచుకుని బస్సెక్కేవాళ్లు. ఇప్పుడు టీవీ పెడితే చాలు. చూశారా, ఎంత అభివృద్ధి!

ఇక సినిమా సంగతి. మా కాలం కథల్లో మాంత్రికుడు తన ప్రాణాన్ని ఏడు సముద్రాల అవతల చిలుకలో దాచుకునేవాడు. హీరో పోయి ఆ చిలుక మెడ విరిచేవాడు! పసిపిల్లలు వినే మాటలా అవి? ఈ సినిమాలో మాంత్రికుడు ప్రాణాన్ని క్లౌడ్‌లో దాచాడు. పాస్‌వర్డ్ మరిచిపోయాడు. ఓటీపీ రాదు. వాడు బావురుమంటుంటే హీరోనే కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి పెడతాడు. చిలుక క్షేమం!

సవతి తల్లి కౌన్సెలింగ్‌కు పోయి బంగారమై తిరిగొచ్చింది. రాకుమారిని ఎవరూ అడవికి తోలరు. ఆమే ట్రెక్కింగ్‌కు పోతుంది, అదీ లొకేషన్ షేర్ చేసి మరీ! పూటకూళ్ల అవ్వ యాప్‌లో బిర్యానీ అమ్ముతుంది. రాక్షసుడైతే నరవాసన అని అరవనే అరవడు. "మీకు వేరుశనగ అలర్జీ ఏమైనా ఉందా?" అని అడిగి వడ్డిస్తాడు.

చావు లేదు, రక్తం లేదు. బయట దుమ్ము తుఫాను, లోపల ఏసీ, సోఫా మీద కదలని పాప. ఇంకేం కావాలి? పాస్ చేసేసేదాన్నే, చివర్లో ఆ రాక్షసుడు కొంప ముంచకపోయి ఉంటే!

వాడు తన కొండకు తిరిగి పోవాలి. పోతే పోవచ్చు కదా! ఇంటింటికీ వెళ్లి, ప్రతి పిల్ల ముందూ మోకాళ్ల మీద కూర్చుని, "నేను పోతున్నాను. నీ మీద కోపంతో కాదు" అని చెప్తాడు. పిల్లలు ఏడుస్తారు. వాడూ ఏడుస్తాడు. దానికో పాట కూడా! పసిపిల్లలకు చూపించాల్సినవేనా ఇవి?

పాప నా వైపు తిరిగింది.

"అవ్వా, వాడు చెప్పకుండా పోయింటే ఏమయ్యేది?"

ఆ ప్రశ్నకు జవాబు వంటింట్లో చపాతీలు ఒత్తుతోంది. మా కూతురు కళావతి నిద్రలో ఉండగానే వాళ్ల నాయన కువైట్‌కని బస్సెక్కాడు. ఆ తర్వాత చాన్నాళ్లు అది లేవగానే మంచం కింద వెతికేది. వేరుశనగ మూటల వెనక కూడా వెతికేది.

చపాతీ కర్ర ఆగింది. "మాట్లాడకుండా బొమ్మ చూడు పాపా" అంది కళావతి, ఇటు తిరగకుండానే.

కాబట్టి సెన్సారు బోర్డు తీర్పు వినండి. ఈ సినిమా పసిపిల్లలకు నిక్షేపంగా తగినది. పెద్దవాళ్లు మాత్రం పిల్లల పర్యవేక్షణలోనే చూడాలి!

శుక్రవారం పొద్దున అల్లుడు రిమోట్ కోసం ఇల్లంతా గాలిస్తాడు. గాలించనివ్వండి. అది నా చేతిసంచిలో పాస్‌పోర్టు పక్కన భద్రంగా ఉంది. నావి అరిగిన మోకాళ్లు, రాక్షసుడిలా కూర్చోలేను. అందుకని పాపనే సోఫా మీద నిలబెట్టి చెప్తాను.