ఎవరూ ముట్టుకోని ల్యాప్‌టాప్

ఉదయం ఏడింటికి మెట్లాయన ఆ రోజు చేయాల్సిన పనులన్నీ ఒక కాగితం మీద రాసి బల్ల ఎదురుగా గోడకి అంటించాడు. ఏడు నుంచి ఏడున్నర దాకా ల్యాప్‌టాప్ సరిచూసుకోవడం, ఏడున్నరకి స్నానం, ఎనిమిదింటికి రిహార్సల్, తొమ్మిదిన్నరకి బయల్దేరడం, పదకొండింటికి కమిటీ ముందు నిలబడటం. ఇందులో తప్పు జరగడానికి ఎక్కడా సందు లేదని రెండుసార్లు చదివి మరీ నిర్ధారించుకున్నాడు.

మెట్లాయన అన్నది ఆఫీసులో పెట్టిన పేరు. భవనాల నమూనాలు గీసే ఆ ఆఫీసులో ఆయన పన్నెండేళ్ళుగా ఇతరుల భవనాలకి మెట్లు గీస్తున్నాడు. ఆస్పత్రి మెట్లు, సినిమా హాలు మెట్లు, ఒకసారైతే ఈతకొలను లోపలి మెట్లు. ఇన్నాళ్ళకి పేట లైబ్రరీకి కొత్త భవనం కావాలని కమిటీవారు మూడు ఆఫీసుల్ని నమూనాలు అడిగారు. అందరూ పెద్ద పనుల్లో మునిగి ఉండటంతో, పునాది నుంచి పైకప్పు దాకా మొత్తం గీసే అవకాశం ఈయన్ని వెతుక్కుంటూ వచ్చింది.

"కుదిరితే ఇకనుంచి నువ్వూ భవనాలు గీద్దువుగాని. కుదరకపోతే నీ మెట్లు నీకు ఉండనే ఉన్నాయి" అన్నాడు ఆఫీసు పెద్దాయన. ఆ మాట వారం రోజులుగా ఆయనకి నిద్రలో కూడా వినిపిస్తోంది.

కమిటీకి చూపించాల్సింది కాగితం మీది గీతలు కాదు. తెర మీద భవనంలోకి నడిచి వెళ్తున్నట్టు కదిలే బొమ్మ. అలాంటి బొమ్మని లాగగలిగే కంప్యూటర్లు ఆఫీసులో ఉన్నాయి కానీ, వాటిని మోయడానికి ఇద్దరు మనుషులు కావాలి. అందుకని పక్క ఊళ్ళో ఉన్న మరదల్ని బతిమాలి, ఆవిడ ఆటలాడుకునే ల్యాప్‌టాప్ తెచ్చుకున్నాడు. అది పలకంత పల్చగా ఉంటుంది. పని మొదలుపెట్టిన ఐదు నిమిషాలకే పెనంలా కాలుతుంది.

సమావేశం జరిగేది పాత లైబ్రరీ చదువుల గదిలో. అక్కడ బల్ల దగ్గర ప్లగ్గు లేదు కాబట్టి బ్యాటరీ ఆగాలి. పక్కనే జనం చదువుకుంటూ ఉంటారు కాబట్టి ఫ్యాను అరవకూడదు. బొమ్మ మాత్రం జారుడుబల్ల మీద జారినట్టు సాగిపోవాలి.

"మూడూ ఒకేసారి ఎవరికీ దొరకవు బావా" అంది మరదలు ఫోనులో. "మూలన దీపం ఉన్న బటన్ కనిపిస్తోందా? నీలమైతే చప్పుడుండదు, వేడుండదు, వేగమూ ఉండదు. ఒకసారి నొక్కితే తెలుపు, అది మధ్యరకం. ఇంకోసారి నొక్కితే ఎరుపు, అప్పుడు గుర్రమే. కానీ ఫ్యాను గోల, బ్యాటరీ ముప్పావుగంట కూడా ఆగదు. మళ్ళీ నొక్కితే నీలానికే వస్తుంది."

"మరి నన్నేం చెయ్యమంటావు?"

"తెలుపులో పెట్టు. తెర వెలుగు తగ్గించు. ప్రాసెసర్ వేగానికి ఒక హద్దు పెట్టుకునే చోటు చూపించానుగా, అక్కడ తొంభై శాతం పెట్టు. వెనకవైపు కొంచెం ఎత్తి ఉంచు, అడుగునుంచి గాలి పోవాలి."

మెట్లాయన అన్నీ చెప్పినట్టే చేశాడు. వెనకవైపు రెండు సీసామూతలు పెట్టి ఎత్తాడు. బొమ్మ నడిపించి చూశాడు. వేడి డెబ్బై తొమ్మిది డిగ్రీలు దాటలేదు, బ్యాటరీ యాభై నిమిషాలు ఆగుతానంది, ఫ్యాను గుసగుసలాడినట్టుగా తిరిగింది. ఆ అంకెలు కాగితం మీద వేసుకుని, ఛార్జింగ్ పెట్టి, ఏనుగెక్కినంత సంబరంగా స్నానానికి వెళ్ళాడు.

మెట్లాయన కాపురం అత్తవారింట్లోనే, భార్య, అత్తగారు, మామగారితో కలిసి. ఆ ఇంటి పద్ధతి ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. ఏదైనా సరిగ్గా లేదని కంట పడితే, చూసినవాళ్ళు గుట్టుచప్పుడు కాకుండా సరిచేసి తమ దారిన తాము వెళ్ళిపోవాలి. చేశామని చెప్పుకోవడం గొప్పలకి పోవడం కింద లెక్క. ఈ పద్ధతి వల్ల కూరలో ఉప్పు మూడుసార్లు పడేది. గోడ గడియారం ముగ్గురి చేతుల్లోనూ పడి ముప్పావుగంట ముందుకి పరిగెత్తేది. ముట్టుకున్నారా అని అడిగితే మాత్రం ముగ్గురూ లేదనే అంటారు, అదీ నిజాయితీగానే. ఆ ఇంట్లో సరిచేయడం ముట్టుకోవడం కిందికి రాదు. తొమ్మిదేళ్ళ కాపురంలో అల్లుడికి అంతుపట్టని సంగతి ఇదొక్కటే.

స్నానం చేసి వచ్చేసరికి ల్యాప్‌టాప్ పిండిమరలా అరుస్తోంది. దీపం ఎర్రగా వెలుగుతోంది. వేడి తొంభై ఏడు. సీసామూతలు బల్ల అంచున బుద్ధిగా పక్కపక్కన ఉన్నాయి. ల్యాప్‌టాప్ కింద నాలుగు మడతల తువ్వాలు ఉంది.

"అత్తయ్యా, దీన్ని మీరేమైనా ముట్టుకున్నారా?"

అత్తగారు స్కూలు టీచరుగా ముప్పై ఏళ్ళు పరీక్ష హాళ్ళలో కాపలా కాసి రిటైరయ్యారు. చీమ చిటుక్కుమన్నా తల తిప్పి చూస్తారు. "నేనెందుకు ముట్టుకుంటాను నాయనా, నాకు దాని గురించి ఏం తెలుసని" అన్నారు పేపర్లోంచి తల ఎత్తకుండా.

మామగారూ ముట్టుకోలేదన్నారు. భార్యా ముట్టుకోలేదంది. తువ్వాలు తనే పెట్టుకుని మరిచిపోయి ఉంటాడని మెట్లాయన సరిపెట్టుకున్నాడు గానీ, దీపం దానంతటది ఎలా ఎర్రబడిందో ఎంత ఆలోచించినా తెలియలేదు. మళ్ళీ మరదలికి ఫోను చేశాడు.

"తెలుపులో పెట్టి వెళ్ళినా తొంభై ఏడుకి పోయిందా? అయితే హద్దు ఇంకా తగ్గించు బావా. ఎనభై పెట్టు."

ఎనభై పెట్టి, దీపం తెలుపుకి మార్చి, సీసామూతలు యథాస్థానంలో పెట్టి, బొమ్మని రెండుసార్లు మొదటినుంచి చివరిదాకా నడిపించాడు. బాగానే ఉంది. ఇంతలో ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. గదిలో సిగ్నల్ సరిగ్గా ఉండదు కాబట్టి బాల్కనీలోకి వెళ్ళి మాట్లాడాడు. పెద్దాయన పావుగంట సేపు కంగారు పడొద్దని చెప్పి, ఆయన్ని బాగా కంగారు పెట్టి ఫోను పెట్టేశాడు.

తిరిగొచ్చి బొమ్మ నడిపించి చూస్తే, ఈసారి ల్యాప్‌టాప్ చల్లగా ఉంది. మామూలు చల్లదనం కాదు, చెయ్యి పెడితే జివ్వుమంటోంది. ఫ్యాను చప్పుడు అసలే లేదు. అడుగున బల్ల మీద నీటి చెమ్మ గుండ్రంగా మెరుస్తోంది. బ్యాటరీ చూస్తే యాభై ఎనిమిది శాతం.

మెట్లాయన లెక్క వేసుకున్నాడు. ఫ్యాను తిరగడం లేదంటే చచ్చిపోయిందన్నమాట. ఛార్జింగ్ ఎక్కడం లేదంటే ఛార్జరూ దాని వెంటే పోయిందన్నమాట. తీగ ల్యాప్‌టాప్‌కి గుచ్చే ఉంది. దాని అవతలి కొస సోఫా వెనక్కి వెళ్ళింది. సోఫా వెనక ప్లగ్గు ఉంటుందని తెలుసు కాబట్టి ఆయన వంగి చూడలేదు.

"ఎవరైనా దీని దగ్గరికి వచ్చారా?" అని ఇల్లంతా వినబడేలా అడిగాడు.

"ఎవరొస్తారండీ, మాకు పనుల్లేవా" అంది భార్య లోపల్నుంచి. ఆవిడ అంబులెన్సులు పంపే కంట్రోల్ రూములో పనిచేస్తుంది. ఇంట్లో ఇంకెవరి మాటైనా ఆయన నమ్మకపోవచ్చు గానీ ఆవిడ మాట నమ్మకపోవడం ఉండదు.

"వేడెక్కకుండా చల్లబడిందా?" మరదలి గొంతులో మొదటిసారి బెంగ వినిపించింది. "నేను మూడేళ్ళుగా వాడుతున్నా, అది ఎప్పుడూ చల్లబడలేదు బావా. ఫ్యాను పోయిందేమో. దాన్ని కష్టపెట్టకు, మాడిపోతుంది. హద్దు యాభైకి దించెయ్. వేరే దారి లేదు."

యాభైకి దించాడు. తెర వెలుగు ఇంకా తగ్గించాడు. దీపం తెలుపే కదా అని మూడుసార్లు చూసుకున్నాడు. చొక్కా మార్చుకుని వచ్చి, మూత వేసి, సంచిలో పెట్టుకుని, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని టాక్సీ ఎక్కాడు. మూత వేసేముందు నాలుగోసారి చూసుకోవాలని మాత్రం తోచలేదు.

కమిటీలో ఐదుగురు. అందరిలోకీ చిన్నాయనకి అరవై ఎనిమిదేళ్ళు. అధ్యక్షురాలు చేతికర్రని బల్లకి ఆనించి, కళ్ళజోడు తుడుచుకుంటూ, "ఇది మూడోదీ ఆఖరుదీనా? సరే, కానివ్వండి" అన్నారు. ఆ గొంతులో విసుగు దాగలేదు. అప్పటికే చూపించేసి గోడ పక్కన కూర్చున్న మిగతా రెండు ఆఫీసులవాళ్ళ ముఖాలు గెలిచినట్టే ఉన్నాయి.

మెట్లాయన మూత తెరిచాడు. దీపం నీలంగా ఉంది.

నొక్కి మారుద్దామా అనుకున్నాడు. మారిస్తే వేడెక్కుతుంది, ఫ్యాను లేదు, మరదలి ల్యాప్‌టాప్ కమిటీ ముందే పొగలు కక్కుతుంది. చెయ్యి వెనక్కి తీసుకుని, అలాగే బొమ్మ మొదలుపెట్టాడు.

బొమ్మ ఒక అడుగు వేసింది. ఆగింది. ఆయాసం తీర్చుకుంటున్నట్టు కాసేపు నిలబడి ఇంకో అడుగు వేసింది. గుమ్మం దాటడానికి నిమిషం పట్టింది. ఆ నిమిషం ఊరుకోలేక ఆయన గుమ్మం గురించి మాట్లాడాడు. వానలో వచ్చినవాళ్ళు గొడుగు మడిచేదాకా తడవకుండా ఉండేందుకు చూరు ఎంత ముందుకి వచ్చిందో చెప్పాడు. లోపల మెట్ల దగ్గరికి వచ్చేసరికి బొమ్మ పూర్తిగా చేతులెత్తేసింది. తెర నిండా మెట్లు, అవి కదలవు.

వేరే ఏదైనా అయితే ఆయనకి నోట మాట వచ్చేది కాదు. కానీ అవి మెట్లు. ఒక్కో మెట్టు ఎత్తు వేలెడు తగ్గించాననీ, ప్రతి తొమ్మిదో మెట్టు తర్వాత కూర్చోవడానికి చిన్న బల్ల ఉంటుందనీ, పట్టుకునే కమ్మీ పెద్దలకొకటి, పిల్లలకొకటి రెండు ఎత్తుల్లో ఉంటుందనీ, దిగేటప్పుడు అంచు తెలియాలని మెట్టు అంచుకి వేరే రంగు వేశాననీ చెప్పుకుంటూ పోయాడు.

"ఆ బల్ల మీద ఇద్దరు పడతారా?" అన్నారు అధ్యక్షురాలు.

"పడతారండీ. ఒకరు చేతికర్ర పెట్టుకున్నా పడతారు."

పన్నెండేళ్ళలో ఆయన మెట్ల గురించి ఎవరైనా అడిగిన మొదటి ప్రశ్న అది. బయటికి చెప్పుకోలేదు గానీ చాలా సంతోషమైంది. తర్వాత ఐదుగురూ వరసగా అడుగుతూనే ఉన్నారు. నలభై నిమిషాలకి బొమ్మ పై అంతస్తు చేరింది, బ్యాటరీ ఇంకా ఇరవై రెండు శాతం మిగిలింది.

"ఇందాక వీళ్ళు చూపించినవి తిరుగుడు బొంగరాల్లా తిరిగాయి. నాకు కళ్ళు తిరిగి ఏ గది ఎక్కడుందో తెలియలేదు" అన్నారు అధ్యక్షురాలు. "మీదొక్కటే మా మోకాళ్ళ వేగంతో నడిచింది. భవనం మీరే కట్టించండి. శుక్రవారం సభ్యులందరికీ మళ్ళీ చూపించాలి. ఇదే నడక ఉండాలి సుమా. వేగం పెంచారంటే ఒప్పుకోను."

మెట్లాయన ఇంటికి గాల్లో తేలుతూ వచ్చాడు. ల్యాప్‌టాప్ తెరిచి బల్ల మీద పెట్టి, జరిగింది చెప్పి, ముగ్గురినీ వరసగా కూర్చోబెట్టాడు.

"ఇది శుక్రవారం దాకా ఇలాగే ఉండాలి. పొద్దున దీనికేం జరిగిందో నాకు తెలియాలి. ముట్టుకున్నారా అని అడగను. ఏం సరిచేశారో చెప్పండి."

అలా అడిగేసరికి మాటలు వాటంతటవే వచ్చాయి.

"చప్పుడు చేస్తోందని బటన్ నొక్కాను, ఆగుతుందనుకున్నాను" అన్నారు అత్తగారు. "ఇంకా అరిచింది. బల్ల అదిరిపోతోందని తువ్వాలు వేశాను."

"కాలిపోతోందని అడుగున ఐసు ప్యాకెట్ పెట్టాను. ఫోనులో మీ మాటలు ముగింపుకొస్తుంటే తీసేశాను" అన్నారు ముప్పై ఏళ్ళు ఐసు ఫ్యాక్టరీలో మెకానిక్‌గా చేసిన మామగారు.

"ఛార్జరు ఊరికే గోడకి వేలాడితే నాకు ప్రాణం ఒప్పదు. మీరు స్నానంలో ఉన్నప్పుడే పీకేశాను" అంది భార్య. "తర్వాత మీరు చొక్కా వేసుకుంటుంటే, తెల్ల దీపం ఛార్జింగ్ తినేస్తుందని బటన్ నొక్కాను. ఎర్రబడింది."

"ఎర్రబడితే నేను చూస్తూ ఊరుకుంటానా? నేనూ నొక్కాను" అన్నారు మామగారు. "నీలమైంది. చల్లని రంగు, వదిలేశాను."

మెట్లాయనకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఫ్యానూ బతికే ఉంది, ఛార్జరూ బతికే ఉంది. తను అనుకున్నట్టు అన్నీ సవ్యంగా జరిగి ఉంటే, తన బొమ్మ కూడా బొంగరంలా తిరిగి మూడోస్థానంలో నిలిచేది. ఆ మాటే వాళ్ళతో అన్నాడు. "మీరు చేసిన దానివల్లే గెలిచాను" అని చెప్పి, ముగ్గురికీ దణ్ణం పెట్టి, బటన్ పక్కన 'నీలం, ఎవరూ ముట్టుకోవద్దు' అని చీటీ అంటించి, ఆఫీసుకి ఫోను చేయడానికి బాల్కనీలోకి వెళ్ళాడు.

ముందు అత్తగారు వచ్చారు. అల్లుడు గెలిచింది తన నొక్కుడు వల్లేనని తేలిపోయింది కాబట్టి, మళ్ళీ ఒకసారి నొక్కి వెళ్ళారు. తెల్లబడింది. తర్వాత భార్య వచ్చి, తన వంతు లోటు రాకూడదని నొక్కింది. ఎర్రబడింది. చివరగా మామగారు వచ్చి, ఎర్ర దీపం చూసి తల అడ్డంగా ఊపి, నొక్కారు.

మెట్లాయన తిరిగొచ్చి చూశాడు. చీటీ అంటించినచోటే ఉంది, దీపం నీలంగానే వెలుగుతోంది. తొమ్మిదేళ్ళలో మొదటిసారి ఈ ఇంట్లో తన మాటకి విలువిచ్చి ఎవరూ దేన్నీ ముట్టుకోలేదని ఆయనకి కళ్ళు చెమర్చాయి.