ఊరు చూడబోయి

ఆ ఉదయం వాయిదారావు వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్యని పొరుగూరు తీసుకెళ్ళి సాయంత్రందాకా నడిపించాలి. నడిచి నడిచి ఆవిడ అలిసిపోవాలి. అలిసిపోయిన మనిషి ఇంటి మాట ఎత్తదు.

వాయిదారావు ఆయన అసలు పేరు కాదు. నీటి సరఫరా ఆఫీసులో పైపుల నక్షాలు గీసే విభాగానికి ఆయన పెద్ద. ఏం అడిగినా "చూద్దాం, వచ్చే వారం" అనడం అలవాటు కాబట్టి తోటివాళ్ళు ఆ పేరు పెట్టారు. ఉద్యోగమంతా ఆఫీసు క్వార్టర్లలోనే గడిచింది. నెలాఖరుకి రిటైరవుతున్నాడు. క్వార్టరు ఖాళీ చెయ్యాలి. ఆ తరవాత ఎక్కడుండాలో ఇంకా తేలలేదు. తేల్చవలసిన మనిషి ఆయనే కాబట్టి తేలలేదు.

ఆవిడ పెద్దాసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి కిందటేడే దిగిపోయింది. "ఊరేదైనా పర్వాలేదండీ, తలుపేసుకుంటే మనదనిపించే ఇల్లొకటి చూడండి," అని ఏడాదిగా చెబుతూ వచ్చింది. ఈ మధ్య చెప్పడం మానేసింది. చెప్పినన్నాళ్ళూ ఆయనకి చిరాకు వేసేది. మానేశాక భయం వేస్తోంది.

అలాంటప్పుడు ఆఫీసులో ఎవరో ఉపాయం చెప్పారు. ఊరి మనిషి ఒకడు మీ ఇద్దరి కోసమే, మీ ఇష్టప్రకారం, కాలినడకన ఊరంతా తిప్పి చూపిస్తాడట. వాయిదారావు జన్మలో మొదటిసారి ఓ పని వాయిదా వెయ్యకుండా ఆ పూటే ఫోనులో నమోదు చేసేశాడు. ఏమేం ఇష్టమో చెప్పమంటే "పాత కట్టడాలు, గాలీ వెలుతురూ, జనం తక్కువ" అని నింపాడు. గైడు ఆకుపచ్చ టోపీ పెట్టుకుని గడియార స్తంభం కింద ఉంటాడని జవాబొచ్చింది.

రైలు దిగగానే ఆయన ఫోను కట్టేసి జేబులో పడేశాడు. ఎప్పుడు ఖాళీ చేస్తారని క్వార్టర్ల గుమాస్తా పొద్దున్నించీ ప్రాణం తీస్తున్నాడు మరి.

గడియార స్తంభం కింద ఆకుపచ్చ టోపీ ఉంది. దాని కింద ఓ సన్నటి మనిషి చంకలో గొడుగుతో అటూ ఇటూ చూస్తున్నాడు.

"మా కోసమేనా?" అన్నాడు వాయిదారావు.

"ఇద్దరు మనుషులు, దంపతులు. మీరే కదండీ?"

"మేమే. నడిచే చూద్దామనుకున్నాం."

"నడిస్తేనే తెలుస్తుంది సార్. బండిమీద పోతే ఏం తెలుస్తుంది? మీకు పాతదైనా ఫర్వాలేదు, గాలీ వెలుతురూ ఉండాలి, అంతేగా?"

వాయిదారావు భార్యకేసి గర్వంగా చూశాడు. తను నింపిన మాటల్ని మనిషి పొల్లుపోకుండా అప్పజెప్పాడు. "చూశావా, మన కోసమని ఎంత శ్రద్ధగా ఉన్నారో!"

మొదట తీసుకెళ్ళింది ఓ మూడంతస్తుల మేడకి. పై అంతస్తులో తలుపు కొడితే, సగం మొహం సబ్బు నురగతో ఉన్న మనిషి తీశాడు. "రండి, రండి. రోజూ ఎవరో ఒకరు వస్తూనే ఉన్నారు," అంటూ పక్కకి జరిగి, అద్దం ముందు మిగతా సగం గీసుకోవడం మొదలెట్టాడు. టోపీ మనిషి వీళ్ళని హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి పడగ్గదిలోకి తిప్పాడు. మంచంమీద నిద్రపోతున్న ముసలాయన ఒక కన్ను తెరిచి, వీళ్ళని చూసి మళ్ళీ మూశాడు.

"ఇరవై నాలుగ్గంటలూ నీళ్ళండీ," అన్నాడు టోపీ మనిషి కుళాయి తిప్పి చూపిస్తూ.

"నీళ్ళు చూపిస్తున్నాడేమిటండీ?" అంది ఆవిడ గుసగుసగా.

"పూర్వం ఈ ఊళ్ళో నీటికి కటకట అయ్యుంటుంది. ఊరి మనుషులు నిజంగా ఎలా బతుకుతారో చూపించడమే ఈ పద్ధతిలో గొప్ప," అన్నాడు వాయిదారావు. అప్పటికి ఆయనా అదే నమ్మాడు.

రెండో ఇంట్లో ఆ నమ్మకం కాస్తా పోయింది. ఆవిడ కిటికీ రెక్కలు తీసి వేసి చూసుకుంటోంది. టోపీ మనిషి వాయిదారావు చెవిలో నోరుపెట్టి, "మీకు నచ్చితే చెప్పండి సార్. ఓనరు నా మాట కాదనడు. మీరు దిగేలోపు గోడలకి రంగు వేయిస్తా," అన్నాడు.

"దిగడమేమిటి?"

"అద్దెకి దిగడమేగా సార్!"

వాయిదారావుకి అప్పుడు వెలిగింది. వీడు గైడు కాదు, ఇళ్ళ బ్రోకరు. గడియార స్తంభం కింద ఆకుపచ్చ టోపీ మరొకటి ఉండి ఉంటుంది. ఏ మాట తప్పించుకోవడానికి ఇంత దూరం వచ్చాడో, ఆ మాటే టోపీ పెట్టుకుని ముందు నడుస్తోంది.

నిజం చెప్పేద్దామని నోరు తెరిచాడు. కిటికీ దగ్గర్నించి ఆవిడ వెనక్కి తిరిగి నవ్వింది. "బాగుందండీ ఈ టూరు. ఇన్నేళ్ళలో ఎక్కడికెళ్ళినా మీ ఆఫీసు పనిమీదే వెళ్ళాం. నా కోసమని వచ్చింది ఇదేగా!"

తెరిచిన నోరు మూసుకున్నాడు. చెబితే తను చేసిన ఒక్క ఏర్పాటూ బెడిసిందని తెలిసిపోతుంది. పైగా ఇంటి మాట వస్తుంది. చెప్పకపోతే బ్రోకరు నోట్లోంచి రేపో మాపో కాదు, ఈ క్షణమో మరుక్షణమో ఆ మాట ఊడిపడుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మధ్యలో ఈయన.

అక్కణ్ణించి వాయిదారావు దుబాసీ పనికి దిగాడు. "పాతవాళ్ళు నెలాఖరుకి వెళ్ళిపోతారు," అని బ్రోకరంటే, "పాత వంశం అంతరించింది," అని భార్యకి చెప్పాడు. "కరెంటు మీటరు విడిగా ఉంది," అంటే, "ఈ ఊరికి దీపాలు మొదట ఇక్కడే వచ్చాయి," అన్నాడు. "గోడ చెమ్మ కొడుతోంది కానీ బాగుచేయిస్తారు," అన్నదానికి ఏం చెప్పాలో తోచక, "యుద్ధం," అని ఊరుకున్నాడు. ఆవిడ తల ఊపింది. ఆవిడ తల ఊపినప్పుడల్లా బ్రోకరుకి ఉత్సాహం పెరిగింది. ఎండా పెరిగింది. వాయిదారావు చొక్కా వీపుకి అతుక్కుపోయింది. ఇంతకన్నా రిటైర్మెంటు రోజునే గుండాగి పోతే సుఖం అనిపించింది.

"ఇవన్నీ ఒక ఎత్తు. ఇప్పుడు చూపించేది ఒక ఎత్తు," అంటూ బ్రోకరు ఓ సందు మలుపు తిప్పాడు.

సందు చివర పాత పెంకుటిల్లు. ముందు వసారా, వెనక చిన్న తోట. వసారాలో వాలుకుర్చీలో ఇంటావిడ కూర్చుంది. ఒకప్పుడు హెడ్మిస్ట్రెస్. ఊరంతా ఇప్పటికీ పెద్ద టీచరనే అంటారట. అద్దెకొస్తామన్న వాళ్ళకి పరీక్ష పెట్టి గాని ఇల్లివ్వదని, ఇప్పటిదాకా ఒక్కరూ పాసవలేదని బ్రోకరు దారిలో వాయిదారావు చెవిన వేశాడు. ఆ కబురు వినగానే ఆయన ప్రాణం లేచొచ్చింది. ఫెయిలవడం ఎంతసేపు!

భార్య తోట చూస్తానని వెనక్కి వెళ్ళింది. ఆయన పెద్ద టీచరు ముందు నిలబడ్డాడు.

"ఇల్లు శుభ్రంగా ఉంచుతారా?"

"నేను ఉంచనండీ. తువ్వాలు ఎక్కడ విడిస్తే అక్కడే."

"రాత్రిళ్ళు గోలా గందరగోళం?"

"గురక పెడతానండీ. పక్కింటివాళ్ళు ఫిర్యాదు చేశారు కూడా. పొద్దున లేచి పాటలు పాడతాను. నా గొంతు బాగుండదు."

"మొగుడూ పెళ్ళాలు కీచులాడుకుంటారా?"

"ఆవిడ కీచులాడదండీ. నేనే కీచులాడతాను. ఏ పనీ టైముకి చెయ్యను. చేస్తానని మాటిచ్చి చెయ్యను."

పెద్ద టీచరు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. "ఇన్నాళ్ళూ ఎంతమంది వచ్చారో! ఒక్కడు నిజం చెప్పలేదు. అందరూ దేవతలే. నువ్వొక్కడివి మనిషివి దొరికావు నాయనా. ఇల్లు నీకే."

"అయ్యో, అది కాదండీ..."

"పాడతానన్నావుగా. పాడు. ఈ ఇంట్లో చప్పుడు విని చాలా కాలమైంది."

బ్రోకరు ఆయన చేతులు పట్టుకుని ఊపేశాడు. వాయిదారావు కుడితిలో పడ్డ ఎలకలా గిలగిల్లాడి, భార్యని వెతుక్కుంటూ లోపలికి పరిగెత్తాడు. ఎలాగో ఒకలా ఆవిణ్ణి సందు దాటించాలి. తలనొప్పి అనాలి, రైలు టైమనాలి, ఏదో ఒకటి అనాలి.

ఆవిడ వెనక గదిలో గోడకి అరచెయ్యి ఆనించి నిలబడి ఉంది.

"ఇక్కడ మేకు దిగుతుందండీ," అంది. "గట్టి గోడ."

"మేకెందుకిప్పుడు?"

"మా అమ్మ ఫోటోకి. పెళ్ళయినప్పట్నించీ పెట్టె అడుగునే ఉంది. ఏ క్వార్టర్లో కొడదామన్నా, ఎలాగూ పోయేవాళ్ళమే కదా, మేకెందుకు అనేవారు మీరు."

వాయిదారావు ఆ గోడకేసి చూశాడు.

"రెండో ఇంట్లోనే తెలిసిందండీ నాకు," అంది ఆవిడ, గోడమీంచి చెయ్యి తియ్యకుండానే. "టూరేమిటి, మీటర్లూ కుళాయిలూ ఏమిటి! ఇల్లు చూద్దాం పద అనడానికి నోరు రాక టూరని తీసుకొచ్చారు. పాపం, ఎండలో ఆ వంశాలూ యుద్ధాలూ చెబుతుంటే నవ్వు ఆపుకోలేక చచ్చాను. ఇక నా మాట వినరనుకున్నానండీ. విన్నారు."

ఆవిడ కళ్ళు చెమ్మగిల్లాయి. ఎందరో పోవడం చూసిన మనిషి, వార్డులో ఏనాడూ కన్నీరు పెట్టలేదని పేరున్న మనిషి. వాయిదారావుకి భూమిలోకి కుంగిపోవాలనిపించింది. తిట్టి ఉంటే తట్టుకునేవాడు. ఈ మెచ్చుకోలు ఎక్కడ దాచుకోవాలి? ఇప్పుడు అవునంటే అది జన్మలో ఆయన చెప్పిన అతి పెద్ద అబద్ధం. కాదంటే ఆ చెయ్యి గోడమీంచి జారిపోతుంది. "అదీ..." అన్నాడు.

సరిగ్గా అప్పుడే వసారాలో బ్రోకరు ఫోను మోగింది.

"ఎక్కడున్నానేమిటండీ, మీతోనే ఉన్నాగా! పెద్ద టీచరుగారింట్లో. ఆఁ? మీ పక్కనా? నా టోపీయా?" బ్రోకరు గొంతు మెల్లగా పలచబడింది. "మరి నా దగ్గరున్న వీళ్ళెవరు?"

భార్యాభర్తలిద్దరూ వసారాలోకి వచ్చారు. కాసేపటికి సందులోకి ముగ్గురొచ్చారు. ఓ కుర్ర జంట దుమ్ము కొట్టుకుపోయి, చెప్పులు చేత్తో పట్టుకుని ఉన్నారు. ముందు నడుస్తున్నవాడి తలమీద ఆకుపచ్చ టోపీ. ఈ ఊళ్ళో ఆ టోపీలు ఎవరు పంచిపెట్టారోగాని వాళ్ళు చల్లగా ఉండకూడదు, అనుకున్నాడు వాయిదారావు.

"మాకు రెండు గదుల ఇల్లు కావాలంటే కోట చూపించాడండీ," అన్నాడు కుర్రవాడు, ఏడుపు ఒక్కటే తక్కువగా. "పైకప్పు లేదేమిటంటే, పిడుగు పడిందన్నాడు. ఏరియా మంచిచెడ్డలు చెబుతున్నాడేమోనని పొద్దున్నించీ వెనకాలే తిరిగాం."

"నేను గైడునండీ," అన్నాడు టోపీవాడు గాయపడినట్టు. "పాత కట్టడాలు అడిగారు కదా మీరు?"

"అడిగింది నేను," అన్నాడు వాయిదారావు.

అందరూ ఆయనకేసి తిరిగారు. ఆవిడా తిరిగింది.

"అంటే..." అంది ఆవిడ. "ఈ ఇళ్ళు చూడడం మీరు ఏర్పాటు చేసింది కాదా?"

"కాదు," అన్నాడాయన. "టూరే ఏర్పాటు చేశాను. నువ్వు ఇంటి మాట ఎత్తకుండా ఉండాలని."

ఆవిడ చేతిరుమాలు మడత పెట్టింది, విప్పి మళ్ళీ మడత పెట్టింది. తిట్లకైనా హద్దుంటుంది. ఆ మడతలకి లేదు. వాయిదారావు వసారా మెట్టుమీద కూలబడ్డాడు. తన బతుకులో ఇకమీద చెడడానికి ఏమీ మిగల్లేదనుకుంటే, అదే కాస్త ఊరటగా తోచింది.

బ్రోకరు తేరుకుని కుర్ర జంట దగ్గరికి పరిగెత్తాడు. "మీ ఇల్లు మీకే సార్! అసలు మీకనే అట్టేపెట్టాను. చూడండి, గాలీ వెలుతురూ..."

"వద్దండీ బాబూ," అంది కుర్ర భార్య. "ఈ సందు మొత్తం ఏట్లో మునిగిందట. వంటింటి కింద సమాధులున్నాయట."

"సమాధులు పక్క సందులో అమ్మా," అని గైడు సరిదిద్దాడు. "ఇక్కడుండేది ఉరికంబం."

"ఈ ఊరి గురించి పూర్తిగా తెలిశాక ఇక్కడ ఎవరుంటారండీ?" అన్నాడు కుర్రవాడు. చెప్పులేసుకుని ఇద్దరూ స్టేషను దారి పట్టారు.

పెద్ద టీచరు అంతా విని, "నీళ్ళొచ్చిన మాట నిజమే. మా తాతగారి కాలంలో ఆ మెట్టుదాకా వచ్చాయి. ఆ తరవాత పోయాయి," అంది.

అప్పుడు ఆవిడ చేతిరుమాలు సంచిలో పెట్టుకుని ముందుకొచ్చింది. "ఇల్లు మాకే ఇవ్వండమ్మా."

"సార్ని ఒక మాట అడగొద్దా?" అన్నాడు బ్రోకరు.

"ఆయన్నడిగితే వచ్చే వారం అంటారు." భర్తకేసి చూడకుండానే అంది. చాలాసేపటికి గాని చూడలేదు. చూసినప్పుడు మాత్రం, "మీరు తీసుకురాలేదు. సరే. వచ్చాం కదా. లేవండి, అక్కడ చీమలున్నాయి," అంది.

"ఆయన పాడతాడని నా ఒప్పందం," అని గుర్తుచేసింది పెద్ద టీచరు.

"ఈయన పాడతారా?" ఆవిడ ఆశ్చర్యపోయింది. "పెళ్ళయినప్పట్నించీ నేనెప్పుడూ వినలేదే!"

"ఇక వింటావులే," అంది పెద్ద టీచరు.

వాయిదారావు రోజూ పొద్దున్నే ఆ వసారాలో పాడుతున్నాడు. గొంతు గురించి ఆయన చెప్పింది అక్షరాలా నిజమేనని సందంతా ఒప్పుకుంది. మేకు ఆయన చేత్తోనే కొట్టాడు, బొటనవేలు వాచింది, ఫోటో నిలిచింది. కోట వాళ్ళింటికి కూతవేటు దూరంలోనే ఉందట. దూరంనించి జనం వచ్చి చూసి వెళుతుంటారు.

దంపతులిద్దరూ ఇప్పుడు ఆ ఊరివాళ్ళే కాబట్టి, ఊరు ఇంకా చూడలేదు.