రాళ్లవాగు చెక్‌డ్యామ్ అపహరణ

మార్కాపురం బస్టాండుకు ఎదురుగా, జిరాక్స్ దుకాణం మేడ మీద, పశ్చిమ ప్రకాశం ప్రజల చిరకాల కోరిక తీరుస్తూ ఒక అపరాధ పరిశోధన కార్యాలయం వెలిసింది. అలాంటి కోరిక తమకున్నట్టు ప్రజలకు అంతవరకూ తెలియదు. బోర్డు మీద ‘పోయినవి కనుగొనబడును, పోనివి కాపాడబడును’ అని పెద్ద అక్షరాలతోనూ, దాని కింద ‘వెంకటసుబ్బయ్య, డిటెక్టివ్’ అని అంతకన్నా పెద్ద అక్షరాలతోనూ రాయించారు.

వెంకటసుబ్బయ్య ముప్పై ఏళ్లు బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసి రిటైరైన మనిషి. టికెట్ లేనివాణ్ణి ముఖం చూసి పట్టేవాడు. టికెట్ ఉన్నవాళ్లను కూడా అలాగే పట్టేవాడు గానీ, వాళ్లు టికెట్ చూపించి తప్పించుకునేవారు. చెప్పుల మీది దుమ్ము చూసి మనిషిది ఏ ఊరో చెప్పడం ఆయన ప్రత్యేక విద్య. పలకల గనుల బూడిదరంగు దుమ్మయితే మార్కాపురం. ఎర్రమట్టి అయితే యర్రగొండపాలెం. రెండూ ఉంటే అబద్ధాలకోరు. ఈ విద్యకు విలువ ఇవ్వని మనిషి ఆయన భార్య పుష్పమ్మ ఒక్కతే. రిటైరైన మరునాటి నుంచీ ఆయన ఇంటికొచ్చిన కూరగాయలామెను గంటసేపు నిలబెట్టి ప్రశ్నించడం చూసి, ఆ మేడగది తాళంచెవి తెచ్చి చేతిలో పెట్టింది కూడా ఆమే.

మొదటి కేసు తర్లుపాడు అవతల రాళ్లవాగుపల్లెలో తగిలింది. ఒకాయన పొట్టేలు తప్పిపోయింది. వెంకటసుబ్బయ్య బస్సెక్కి వెళ్లి, గంట తిరగకుండా దాన్ని కాశయ్య మందలో కనిపెట్టాడు. కాశయ్య నలభై మేకలను, పది గొర్రెలను కాచుకునే అరవయ్యేళ్ల మనిషి. కర్ర మీద గడ్డం ఆనించి నిలబడి, అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పాడు.

“నేను తోలుకరాలేదు సుబ్బయ్యన్నా. దానంతట అదే వచ్చింది.”

మామూలు డిటెక్టివ్ అయితే ఈ మాట నమ్మి, పొట్టేలును అప్పగించి ఇంటికి పోయేవాడు. వెంకటసుబ్బయ్య అక్కడే ఒక బండ మీద కూర్చుని ఆలోచించాడు. పొట్టేలును తోలుకుపోయేవాడు దొంగ. పొట్టేలు తన కాళ్ల మీద తానే నడిచొచ్చేటట్టు చేసేవాడు దొంగ కాదు, మేధావి. ముప్పై ఏళ్ల సర్వీసులో ఆయనకు తనతో సరితూగే శత్రువు ఒక్కడూ దొరకలేదు. దొరికినవాళ్లంతా రెండు స్టేజీల దూరానికి మోసం చేసిన అల్పులే. ఆ రోజు ఆయన ఇంటికి పెళ్లిచూపుల్లో పిల్ల నచ్చిన కుర్రాడిలా తిరిగొచ్చాడని పుష్పమ్మ తర్వాత నలుగురిలో చెప్పింది.

తర్లుపాడు దగ్గర ట్రాన్స్‌ఫార్మర్‌లో రాగితీగ పోయింది. ఆ రోజు కాశయ్య గిద్దలూరులో మేనకోడలి పెళ్లిలో ఉన్నాడు. నాలుగు వందల మంది చూశారు. ఏ తప్పూ చేయనివాడికి నాలుగు వందల మంది సాక్షులు ఎందుకని వెంకటసుబ్బయ్య ప్రశ్నించాడు. కనిగిరి సంతలో ఒకరి గొడుగు పోయింది. కాశయ్య అప్పుడు జ్వరంతో మంచం మీద ఉన్నాడు. మంచం దిగకుండా కనిగిరిలో పని జరిపించాడంటే యంత్రాంగం ఎంత పెద్దదో ఊహించుకోవచ్చు.

ఏది పోయినా వెనక కాశయ్యే ఉన్నాడన్న ఈ సిద్ధాంతం ప్రజాసేవలో ఉన్నవారికి గొప్ప ఊరట కలిగించింది. వారిలో మొదటివాడు కాంట్రాక్టర్ ఆనంద్. ఆయన రాళ్లవాగు మీద ఒక చెక్‌డ్యామ్‌ను కాగితాల ప్రకారం సకాలంలో, నాణ్యతతో పూర్తిచేసి ఉన్నాడు. తీరా వెళ్లి చూస్తే వాగు ఉంది, చెక్‌డ్యామ్ లేదు. ఆయన కళ్లనీళ్లు పెట్టుకుని మేడ మెట్లెక్కాడు. వెంకటసుబ్బయ్య భూతద్దంతో వాగంతా గాలించాడు. ఒక గుంట లేదు, ఒక ఇటుకముక్క లేదు, సిమెంటు మరక లేదు. ఇంత శుభ్రంగా ఎత్తుకుపోగలవాడు భూమండలం మీద ఒక్కడే అని ఆయన నివేదిక ఇచ్చాడు. ప్రత్యర్థి మీద గౌరవంతో ఆ వాక్యం కింద రెండు గీతలు కూడా గీశాడు.

నివేదిక నకలు కోసం జనం జిరాక్స్ దుకాణం ముందు బారులు తీరారు. నెల తిరిగేసరికి కాశయ్య ఒక తారురోడ్డును, ఒక బడి గదిని, రెండు వేల వేపమొక్కలను, నాలుగు చేతిపంపులను అపహరించినట్టు తేలింది. ఒక పల్లెలో ఆసుపత్రి డాక్టరును కూడా రెండేళ్ల కిందటే ఎత్తుకుపోయాడని ఫిర్యాదు వచ్చింది. గిద్దలూరు వాళ్లకు అసూయ పుట్టింది. తమ వైపు అంతటి దొంగ ఒక్కడైనా లేకపోవడం పాలకుల వివక్షేనని వాళ్లు వినతిపత్రం ఇచ్చారు.

కాశయ్య మొదట్లో లబలబలాడాడు. చెక్‌డ్యామ్‌ను ఎత్తి ఎక్కడ పెట్టుకుంటానని వచ్చినవాణ్ణల్లా అడిగాడు. తర్వాత తర్వాత బస్సులో జనం లేచి సీటు ఇవ్వడం మొదలుపెట్టారు. మేకలు చేలో పడ్డా ఎవరూ తిట్టడం లేదు. పెళ్లాం ఎల్లమ్మను చావిట్లో పేరు పెట్టి పిలవడం మానేసి ‘అక్కా’ అంటున్నారు. దాంతో కాశయ్య అడగడం మానేసి ఊరుకున్నాడు. ఊరుకోవడాన్ని వెంకటసుబ్బయ్య తన డైరీలో ‘భయంకర మౌనం’ అని రాసుకున్నాడు.

ఇంతలో పైనుంచి తనిఖీ బృందం వస్తున్నట్టు కబురొచ్చింది. ఆనంద్ రాళ్లవాగుపల్లెలో ఒక సభ ఏర్పాటు చేశాడు. డిటెక్టివ్‌కు సన్మానం, దొంగకు అరెస్టు, రెండూ ఒకే షామియానా కింద. పద్దెనిమిది నేరాలు. కాశయ్య మళ్లీ వాగు చూసే యోగం లేనట్టే.

సభ నాటి ఉదయం వెంకటసుబ్బయ్య ఆఖరి ఆధారం కోసం ఒంటరిగా వాగులోకి దిగాడు. ఇసుక తవ్వి తీసిన చెలమ పక్కన కాశయ్య మోకాళ్ల మీద కూర్చుని, చిప్పతో నీళ్లు తోడి ఒక్కొక్క మేకకూ తాపుతున్నాడు. చిప్ప నిండడానికి చాలాసేపు పడుతోంది. మేకలు వరసలో నిలబడి ఎదురుచూస్తున్నాయి. వెంకటసుబ్బయ్య జీవితమంతా ఎదురుచూసిన ముఖాముఖి అది. చెక్‌డ్యామ్ ఎక్కడ దాచావని గంభీరంగా అడిగాడు.

“కట్టింటే గదన్నా ఎత్తకపోయేదానికి,” అన్నాడు కాశయ్య, తలెత్తకుండా. “అదే ఉంటే ఈ చెలమ నాకేంటికి?”

వెంకటసుబ్బయ్య ఆ మందను ఈ చివర నుంచి ఆ చివరకు చూశాడు. ఎండిన నాలుకలు చూశాడు. దుమ్ము చదివి ఊళ్లు చెప్పిన మనిషికి, ఎదురుగా ఉన్నది చదవడానికి ఇన్నాళ్లు పట్టింది. సిగ్గుతో చెవులు కాలాయి. ఎందుకు ఇన్నాళ్లూ గట్టిగా కాదనలేదని అడిగాడు. కాశయ్య చిప్ప పక్కన పెట్టాడు.

“అరవై ఏండ్లల్లో నన్ను తెలివిగలోడన్నది నువ్వొక్కడివేనన్నా. కాదనబుద్ధి కాలేదు.”

పదకొండు గంటలకు శాలువా కప్పించుకుని వెంకటసుబ్బయ్య మైకు అందుకున్నాడు. చెక్‌డ్యామ్ పోలేదని, అసలు కట్టనే లేదని, తన నివేదిక తప్పని, కాశయ్య నిర్దోషి అని నాలుగు ముక్కల్లో చెప్పాడు. రోడ్డు తాలూకువాళ్లు, మొక్కల తాలూకువాళ్లు, పంపుల తాలూకువాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఊరివాళ్లు నేల చూశారు. ఇదే వాగులో కూలి పనికి వచ్చామని వాళ్లలో సగం మంది వేలిముద్రలు వేసి ఉన్నారు.

ఆనంద్ మైకు తీసుకుని గొంతు సవరించుకున్నాడు. “సోదర సోదరీమణులారా, ఈ ప్రాంత అభివృద్ధి చూసి ఓర్వలేని శక్తి ఒకటి మన మధ్యే ఉందని ఈ రోజు బయటపడింది. చెక్‌డ్యామ్ కట్టలేదన్న సంగతి, కట్టనివాడికి గాక ఇంకెవరికి తెలుస్తుంది?”

చప్పట్లు మోగాయి. ఆ తర్కానికి ఎదురులేదు. బందోబస్తుకు వచ్చిన పోలీసులు వేదిక ఎక్కి, కాశయ్య కోసం తెచ్చిన బేడీలను వెంకటసుబ్బయ్య చేతులకు కొలిచి తొడిగారు. శాలువా అడ్డం వస్తోందని తీసేశారు. పుష్పమ్మ ముందు వరసలో లేచి నిలబడింది.

అప్పుడు కాశయ్య కర్ర ఊతంగా లేచాడు. ఆయన్ను వదిలేయమని, ఎత్తుకపోయింది తానేనని చెప్పాడు. తనిఖీ బృందం పెద్ద ఎంతో మర్యాదగా, ఎత్తుకుపోయి ఏం చేశావని అడిగాడు. కాశయ్య దిక్కులు చూశాడు. అబద్ధం చెప్పి అలవాటు లేని మనిషి. దూరంగా తుమ్మచెట్ల కింద మంద కనిపించింది.

“మేకలు తినేసినాయి సామీ,” అన్నాడు.

సభ మొత్తం ఊపిరి పీల్చుకుంది. మేకలు ఏమైనా తింటాయి. రోడ్డు తింటాయి, బడి గది తింటాయి, వేపమొక్కల సంగతి సరేసరి. బృందం పెద్ద కళ్లజోడు తుడుచుకుని, నిపుణుడిగా దీన్ని ధ్రువీకరిస్తారా అని వెంకటసుబ్బయ్యను అడిగాడు. కాదంటే ఇద్దరిలో ఒకరు జైలుకు పోవాలి. వెంకటసుబ్బయ్య కాశయ్య వైపు చూశాడు. కాశయ్య కళ్లతోనే బతిమాలాడు. డిటెక్టివ్ బేడీల చేత్తోనే కలం అందుకుని, తన వృత్తిజీవితంలోని మొదటి అబద్ధం కింద సంతకం చేశాడు. అంతకుముందు చేసినవన్నీ నిజాలనుకుని చేసినవి. ఆయన వెనక, మేకలు తింటుండగా కళ్లారా చూశామని, ఊరంతా వరసగా సంతకాలు పెట్టింది.

ఇద్దరినీ వదిలేశారు. అయితే చట్టం ముందు అందరూ సమానమే గనుక మేకలను వదలలేదు. ఐదింటిని ప్రధాన ముద్దాయిలుగా గుర్తించి అక్కడికక్కడే అదుపులోకి తీసుకున్నారు. విచారణ మధ్యాహ్నానికి పూర్తయింది. మాంసంలో సిమెంటు ఆనవాళ్లేవీ దొరకలేదని, అంటే చెక్‌డ్యామ్ సంపూర్ణంగా జీర్ణమైనట్టేనని బృందం నివేదికలో రాసుకుంది.

ఆ భోజనానికి రానివాళ్లు ఇద్దరే. వాళ్లు చెలమ దగ్గర కూర్చుని, మిగిలిన మేకలకు నీళ్లు తోడి పోస్తున్నారు. తోడేది ఒకరు, తాపేది ఒకరు.

మిగతా మనమంతా షామియానా కింద బంతుల్లో కూర్చున్నాం. కూరలో ఉప్పు కొంచెం తక్కువైందని మాత్రం అందరం ఏకగ్రీవంగా అభిప్రాయపడ్డాం.